పాతిక గ్రాముల వెన్న ఆచూకీ

ఎవరో పెద్దాయన సర్కారు పనిమీద ఏదో ఊళ్ళో దిగి, పొద్దున్నే హోటల్లో జీడిపప్పు ఉప్మా తెప్పించుకున్నాడట. చెంచాతో తవ్వాడు, వేళ్ళతో కెలికాడు, ప్లేటు తిరగేశాడు. జీడిపప్పు కనపడలేదు. మనలాంటివాళ్ళమైతే సర్వరు మీద నాలుగు కేకలేసి, ఆ ఉప్మాయే తిని, చెయ్యి కడుక్కుని బయటపడతాం. ఆయన పెద్దాయన కదా, దాని మీద ఒక శాఖ పెట్టించాడు.

దాని పేరు ఆహార వాస్తవిక శాఖ. ఆ శాఖ చేపట్టిన ఉద్యమం పేరు 'ఉన్నది ఉన్నట్టు'. రూలు ఒక్కటే: తినుబండారం పేరులో ఏ వస్తువు ఉందో, కోసి చూస్తే ఆ వస్తువు కంటికి కనబడాలి. చంటిపిల్లకి కూడా అర్థమయ్యే రూలు కాబట్టి, దాన్ని వివరించడానికి జిల్లాకి నలభైమందిని వేశారు.

నెల తిరక్కుండా జనానికి వాస్తవం కనబడసాగింది. మినపసున్నుండల మీద గుప్పెడు మినుములు అద్ది అమ్మారు. పెసరట్టు మీద పచ్చి పెసలు చల్లి, పక్కనే పళ్ళ డాక్టరు ఫోను నంబరు పెట్టారు. అల్లం టీలో అల్లం కొమ్ము నిలబడింది. నేతిబీరకాయలు అమ్ముకునే ముసలమ్మ మీద తొలి కేసు పడింది. ఆవిడ నాలుగు కాయలు కోసి చూపించినా నెయ్యి బయటపడలేదు మరి.

వేణుగోపాలపట్నంలో సత్యవేణికి మాత్రం ఈ గొడవలేమీ పట్టలేదు. ఆవిడ బన్నుల గొడవలో ఆవిడ ఉంది.

మూడేళ్ళ క్రితం చెల్లెలింటికి బెంగుళూరు వెళ్ళి అక్కడ ఒక కాఫీ బన్ను తిన్నది సత్యవేణి. తిరిగొచ్చినా ఆ రుచి నాలిక వదల్లేదు. నలభై రోజులు ఇంట్లో పిండి పిసికింది. మొదటి వారం బన్నులు గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవడానికి పనికొచ్చాయని అత్తగారు భ్రమరాంబ గారు ఇప్పటికీ చెబుతారు. నలభై ఒకటో రోజున కుదిరింది.

మైదాలో పాలు, ఈస్టు, పంచదార వేసి, సాగదీస్తే తెగకుండా పల్చటి పొరలా వచ్చేదాకా పిసుకుతుంది. పొంగిన పిండిని ఉండలు చేసి, ఒక్కో ఉండలో ఫ్రిజ్‌లో గట్టిపడిన వెన్నముక్క, సరిగ్గా పాతిక గ్రాములది, పంచదారా చిటికెడు ఉప్పూ అద్ది పెట్టి, బొబ్బట్టుకి పూర్ణం మూసినట్టు మూసేస్తుంది. నెత్తిన కాఫీ ముద్ద గోరింటాకు కోనులాంటి దాంట్లోంచి చుట్టలు చుట్టలుగా పిండుతుంది. ఓవెన్ వేడికి పై చుట్ట జారి బన్ను మొత్తానికీ కరకరలాడే టోపీ అవుతుంది. లోపలి వెన్న కరిగి బన్ను గోడల్లోకి ఇంకిపోతుంది. వెన్న ఉన్నచోట బోలు మిగులుతుంది. తినేవాడు ఆ బోలు దాకా వచ్చి, తడితడిగా, ఉప్పగా తియ్యగా ఉన్న గోడ కొరికి, ఒక్క క్షణం మాట్లాడడం మానేస్తాడు. ఆ క్షణం కోసమే సత్యవేణి ఇంత పాటూ పడేది.

సాయంత్రం నాలుగయ్యేసరికి వీధి వీధంతా కాఫీ వాసన, ఇంటిముందు క్యూ. ఇంటి ఓనరు తన స్కూటరు లోపల పెట్టుకోవాలంటే తనూ క్యూలో నిలబడాల్సి వస్తోందని విసుక్కుని, నెలాఖరుకి ఈ వ్యాపారం ఆపకపోతే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. అదృష్టం బాగుండి ఆ వారమే కొత్త బస్టాండులో ఇంటి వంటలవాళ్ళకని ఉంచిన ఒకే ఒక్క స్టాలు లాటరీలో సత్యవేణికి తగిలింది. ముప్పయ్యో తారీఖు సాయంత్రం అయిదింటిలోగా వాస్తవిక శాఖ సర్టిఫికెట్టు చూపిస్తే తాళం చేతికిస్తారు. లేకపోతే జాబితాలో రెండోవాడైన పాప్‌కార్న్ మిషనతనికి పోతుంది. అంటే సర్టిఫికెట్టు వస్తే బన్నులు, రాకపోతే బన్నులకి ముందులాగా మళ్ళీ ఇంట్లో వట్టి చపాతీలు చేసుకోవడమే.

పదో తారీఖున ఇన్‌స్పెక్టరు తాతబ్బాయి గారు తనిఖీకి వచ్చారు. మంచాయన. చెప్పులు బయటే విడిచి, భ్రమరాంబ గారికి నమస్కారం పెట్టి, సంచీలోంచి కత్తీ, స్కేలూ, చిన్న తక్కెడా తీశారు. దరఖాస్తులో 'వెన్న నింపిన కాఫీ బన్ను' అన్న పేరు రెండుసార్లు పైకి చదివి, బన్నుని నడిమికి కోశారు.

"వెన్నేదండీ?" అన్నారు.

"కరిగి బన్నులోకి ఇంకిపోద్దండి. అదే దాని రుచి," అంది సత్యవేణి.

"అంటే లేదన్నమాట."

"ఉందండి. గోడల్లో ఉంది. కొరికి చూడండి, తెలుస్తుంది."

తాతబ్బాయి గారు కొరికారు. మాట్లాడడం మానేశారు. తేరుకున్నాక రెండో సగం కూడా పరీక్షించి, మూతి తుడుచుకుని, ఫారం నింపడం మొదలుపెట్టారు. 'లోపల పెట్టిన వస్తువు: వెన్న. పెట్టినప్పుడు: పాతిక గ్రాములు. కోసినప్పుడు: లేదు.'

"అదేటండీ, ఇప్పుడే కదండీ తిన్నారు," అంది సత్యవేణి.

"నాకర్థమైందండమ్మా. ఫారానికి కూడా అర్థమవ్వాలి కదండీ. ఇందులో ఉందీ, లేదూ అని రెండే గళ్ళున్నాయి. ఇంకిపోయిందీ అన్న గడి పైవాళ్ళు పెట్టలేదండి," అని బాధగా చెప్పి, ఆరు బన్నులు పొట్లం కట్టించుకుని వెళ్ళారు.

వారానికి తాఖీదు వచ్చింది. 'సదరు బన్నులో పెట్టినట్టు దరఖాస్తుదారు స్వయంగా ఒప్పుకున్న పాతిక గ్రాముల వెన్న, తనిఖీ సమయాన సదరు స్థలంలో కనబడనందున, సదరు వెన్న ఎక్కడికి పోయినదీ మూడు దినములలోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలెను.' సత్యవేణి తెల్లకాగితం మీద ఒకే ముక్క రాసి పంపింది: బన్నులోనే ఉందండి. దానికి జవాబు రెండోరోజే వచ్చింది. 'బన్నులో లేదని తేలిన వెన్న బన్నులోనే ఉన్నదని చెప్పడం సంతృప్తికరమైన సమాధానం కానేరదు. గనుక ఇందుమూలంగా వెన్న గల్లంతు ఫైలు తెరవడమైనది. ఇరవై రెండో తేదీన హాజరు కావలెను.'

"గల్లంతేంటే, గోదాట్లో పడ్డట్టు," అన్నారు భ్రమరాంబ గారు. ఆవిడ ఎనభై ఏళ్ళ జీవితంలో పోలీసుల్నీ, తుఫాన్లనీ చూశారు గాని వెన్న కోసం గాలింపు చూళ్ళేదు.

ఇరవై రెండున అత్తాకోడళ్ళిద్దరూ డిప్యూటీ కంట్రోలరు జగదభిరామయ్య గారి ముందు నిలబడ్డారు. ఆయన టేబులు మీద 'ఉన్నది ఉన్నట్టు' అని రాసిన గాజు పలక, దాని వెనక ఆయన, ఆయన వెనక అద్దాల బీరువా నిండా కేసుల తాలూకు తినుబండారాలు ఉన్నాయి.

"చూడమ్మా, శాఖకి నీ మీద కక్ష లేదు," అన్నారు. "శాఖకి కక్ష అనే విభాగమే లేదు. నీకు రెండు మార్గాలు సూచిస్తున్నాను. ఒకటి, బన్ను కాల్చిన తరవాత బోలులో గట్టి వెన్న పెట్టు. కంటికి కనబడుతుంది, ఫారానికి తృప్తి."

"అప్పుడది ఈ బన్ను కాదండీ. రొట్టెలో వెన్నముద్ద అవుద్ది. అదెవరైనా చేస్తారు," అంది సత్యవేణి. ఎక్కడ లేని ధైర్యం వచ్చిందావిడకి. నలభై రోజుల కష్టం మరి.

"అయితే రెండోది. పేరు మార్చు. ఖాళీ బన్ను అని పెట్టుకో. కోస్తే ఖాళీ కనబడుతుంది."

సత్యవేణి ఆలోచించింది. స్టాలు ముఖ్యం. "సరేనండీ, అలాగే రాయండి," అంది.

పక్కనే కూర్చున్న స్టోర్సు సూపరింటెండెంటు సన్యాసిరాజు గారు గొంతు సవరించుకున్నారు. "అయ్యగారూ, పేరులో ఉన్న వస్తువుని తూచి రాయాలండి. ఖాళీని తూచే పరికరం మన స్టోర్సులో లేదండి. తెప్పించాలంటే టెండరు పిలవాలి. టెండరులో ఖాళీకి నమూనా జతపరచాలి. పోనీ తెప్పించామే అనుకోండి, అక్కడ ఖాళీ ఉండబట్టేగా వెన్న పోయిందంటున్నాం? గల్లంతు ఫైలు అలాగే ఉంటుందండి."

"ఫైలు మూయాలంటే ఏం చెయ్యాలండీ?" అనడిగింది సత్యవేణి.

"గల్లంతైన వస్తువు దొరకాలి. లేదా తీసినవాడు దొరకాలి. మూడో పద్ధతి లేదు," అన్నారు జగదభిరామయ్య గారు. గాజు పలక సర్దుకుని, "ప్రత్యక్ష పరిశీలన సంఘం వేద్దాం. వెన్న పోయేటప్పుడు మనమే దగ్గరుండి చూద్దాం," అని ప్రకటించారు. సంఘానికి ఆయనే అధ్యక్షుడు. సభ్యులు తాతబ్బాయి గారూ, సన్యాసిరాజు గారూ. ఆ సంఘంలో పడడానికి ఆఫీసులో మిగతావాళ్ళు చేసిన పైరవీల గురించి చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది.

ఇరవై ఆరున సంఘం సత్యవేణి వంటింట్లో ఓవెన్ ముందు మూడు కుర్చీలు వేసుకుని కూర్చుంది. వంటిల్లు పది అడుగులు. కుర్చీలు పోగా సత్యవేణికి నిలబడ్డానికే చోటుంది, భ్రమరాంబ గారు గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నారు. ఓవెన్ తలుపుకి అద్దం ఉంది గాని, అందులోంచి బన్ను కనబడుతుంది, బన్నులో వెన్న కనబడదు. సంఘం అక్కడే ఒక ఉపతీర్మానం చేసింది. పది బన్నులు ఒకేసారి పెట్టాలి. రెండేసి నిమిషాలకి ఒకటి చొప్పున తీసి కొయ్యాలి.

"అలా మాటిమాటికీ తలుపు తీస్తే బన్ను కూలిపోద్దండి," అని మొత్తుకుంది సత్యవేణి.

"కూలిపోయినట్టు నమోదు చేస్తాం," అన్నారు అధ్యక్షులు.

రెండో నిమిషం బన్ను పచ్చిపిండి, వెన్న గట్టిగా భద్రంగా ఉంది. 'సదరు వెన్న హాజరు' అని రాసుకున్నారు. నాలుగు, ఆరు, ఎనిమిది, హాజరు. పదో నిమిషానికి వెన్న నీరైంది. ద్రవరూపంలో ఉన్నదాన్ని హాజరంటారా, సెలవంటారా అని కొంత చర్చ జరిగి, సగంపూట హాజరుగా లెక్కేశారు. పన్నెండో నిమిషం బన్ను కాస్త ఉడికింది. సాక్ష్యాన్ని బయట పెడితే చీమలు పడతాయి కాబట్టి ముగ్గురూ పంచుకుని భద్రపరిచారు. పద్నాలుగులో అడుగున చెంచాడు వెన్న మిగిలింది. పదహారోది కోశారు. బోలు. చుక్క లేదు.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పద్నాలుగో నిమిషానికీ పదహారో నిమిషానికీ మధ్య, తమ ఆరు కళ్ళ ఎదుటే వెన్న పోయింది. పోయిన సమయం చిక్కింది కదా అని సంతోషించి, పదహారునీ, పద్దెనిమిదినీ, ఇరవైనీ కూడా భద్రపరిచి, నివేదిక రాసి పంపారు.

అక్కడే కొంప మునిగింది. ఆ నివేదిక రాజధానిలో విజిలెన్సు అధికారిణి విశాలాక్షి గారి టేబులు మీద పడింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఒకటికి రెండుసార్లు చదివి, ఎర్ర సిరాతో రాశారు. 'పద్నాలుగో నిమిషమున వెన్న ఉన్నది. పదహారో నిమిషమున లేదు. ఆ సమయమున ఘటనాస్థలిలో అయిదుగురున్నారు. దరఖాస్తుదారు చేతులకు మందపాటి ఓవెన్ గ్లవుసులు ఉన్నవి. ఆమె అత్తగారు కొలెస్ట్రాలు వల్ల ఆరేళ్ళుగా వెన్న ముట్టుటలేదని వైద్యుని చీటీ కలదు. ఇక మిగిలినవారు ముగ్గురు అధికారులు. ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం నేను స్వయంగా వచ్చులోగా వెన్న దొరకనియెడల, సదరు ముగ్గురినీ మన్యం కొండల్లోని చెక్‌పోస్టుకు బదిలీ చేయుటకు సిఫార్సు చేయుచున్నాను.'

ఆ కాగితం అందిన ఇరవై ఎనిమిది సాయంత్రమే తాతబ్బాయి గారు పరిగెత్తుకొచ్చారు. ఈసారి చెప్పులు విడవడం కూడా మర్చిపోయారు.

"అమ్మా, మీకు దండం పెడతాను. ఆ వెన్న ఎక్కడుందో చెప్పండమ్మా."

"మొదట్నుంచీ చెబుతున్నాను కదండీ, బన్నులో ఉందని."

"ఆ మాట మేమే కాదని రాసిచ్చేశామండీ," అని ఆయన అరుగు మీద కూలబడ్డారు. సత్యవేణికి ఆయన మీద జాలేసింది, తన మీద అంతకంటే ఎక్కువ జాలేసింది. స్టాలు గడువు కూడా ముప్పయ్యే. ఆ ముగ్గురు కొండలెక్కితే సంతకం పెట్టే దిక్కు ఉండదు.

ఇరవై తొమ్మిదంతా అత్తాకోడళ్ళిద్దరూ ఆలోచించారు. "వెన్నా వెన్నా అని అంత ఏడుపెందుకే? నేను చాటుగా బజ్జీలు తిన్నప్పుడు డాక్టరుగారికి దొరికిపోయింది దేనివల్ల? కాగితం వల్లేగా," అన్నారు భ్రమరాంబ గారు. సత్యవేణి అత్తగారి వంక చూసి, లేచి పిండి కలిపింది.

ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం మూడు గంటలకి జగదభిరామయ్య గారి గదిలో అందరూ ఉన్నారు. విశాలాక్షి గారు పెద్ద కుర్చీలో కూర్చున్నారు. ఆ కుర్చీలో రోజూ కూర్చునే ఆయన గోడవారగా నిలబడ్డారు. బల్ల మీద ఫైలు. ఏ తీర్పు వచ్చినా ఆలస్యం కాకుండా అనుమతి పత్రమొకటీ, తిరస్కార పత్రమొకటీ ముందే టైపు చేయించి అందులో ఉంచారు. టైపు చేసిన ఆపరేటరు బావమరిది పెళ్ళికని మధ్యాహ్నమే కంప్యూటరుకి తాళం వేసి వెళ్ళాడు.

"వెన్న దొరికిందా?" అన్నారు విశాలాక్షి గారు.

ముగ్గురు అధికారులూ సత్యవేణి వంక చూశారు. సత్యవేణి డబ్బాలోంచి వేడివేడి బన్ను తీసి, అందరూ చూస్తుండగా నడిమికి కోసింది. బోలు అందరికీ చూపించింది. ఒక సగాన్ని బోర్లించి, ఫైల్లో పైనున్న కాగితం మీద పెట్టి, అరచేత్తో గట్టిగా అదిమి, అయిదు నిమిషాలు అలాగే ఉంచింది. తరవాత ఎత్తింది.

"బజ్జీలు పెట్టిన కాగితం మీరు చూసే ఉంటారు కదండీ," అంది నెమ్మదిగా.

విశాలాక్షి గారు ఆ కాగితాన్ని కిటికీకి ఎత్తిపట్టి చూశారు. చారెడంత మరక, గుండ్రంగా, గాజుగాజులాగా మెరుస్తోంది. అవతల వేపచెట్టు కొమ్మలు దాంట్లోంచి మసగ్గా కనిపించాయి. ఆవిడ విజిలెన్సులోకి రాకముందు నుంచీ ఇరవై ఏళ్ళుగా ఇంట్లో వంట చేస్తున్న మనిషి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "వెన్నే," అన్నారు. 'గల్లంతైన వెన్న బన్ను గోడలయందు దొరికినది. కళ్ళారా చూడడమైనది' అని రాసి, సంతకం పెట్టి, గల్లంతు ఫైలు మూసేశారు. మిగిలిన సగం బన్ను తీసుకుని రైలుకి టైమైందని లేచారు.

జగదభిరామయ్య గారు మళ్ళీ తన కుర్చీలో కూలబడి, చెమట తుడుచుకుని, "అనుమతి పత్రం ఇటివ్వవయ్యా," అన్నారు. గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. తాతబ్బాయి గారు ఫైలు తిరగేశారు. ఆయన మొహం పాలిపోయింది. సత్యవేణి బన్ను అదిమింది అనుమతి పత్రం మీదే. మరక సరిగ్గా సంతకం చోటునీ, తేదీ చోటునీ, గడువు చోటునీ కప్పేసి కూర్చుంది.

జగదభిరామయ్య గారు పెన్ను పెట్టారు. జారింది. గట్టిగా రుద్దారు. సిరా పూసల్లా దొర్లింది. బాల్‌పెన్ను తెప్పించారు, అదీ అంతే. వెన్న మీద సంతకం పడదు. ఇంకో కాపీ తీద్దామంటే ఆపరేటరు ఈపాటికి పెళ్ళి పందిట్లో విస్తరి ముందు ఉంటాడు.

"తిరస్కార పత్రం పొడిగా ఉందండి," అన్నారు సన్యాసిరాజు గారు. "సంతకం పట్టేది ఈ రెండిట్లో అదొక్కటే. రూలు ప్రకారం సంతకం పెట్టడానికి వీలైన పత్రం మీదే పెట్టాలండి."

జగదభిరామయ్య గారి చెయ్యి ఆ పొడికాగితం వైపు కదులుతోంది. ఆ క్షణంలో సత్యవేణికి పాప్‌కార్న్ పేలుతున్న చప్పుడు చెవుల్లో నిజంగా వినబడింది. తన పత్రం ముందుకి లాక్కుని చూసింది. బన్ను నిండుగా తగిలినచోట వెన్న ఉంది. నడిమధ్య, బోలు ఉన్నచోట, ఏమీ తగల్లేదు. అక్కడ కాగితం తెల్లగా, పొడిగా, కోడిగుడ్డంత మేర మిగిలింది.

"ఖాళీగా ఉంది కదండీ," అంది వేలు పెట్టి చూపిస్తూ. "ఇక్కడ పెట్టండి."

ఆయన పెట్టారు. పెన్ను సాగింది. జగదభిరామయ్య గారి పేరు పెద్దది కాబట్టి ఆ ఖాళీ ఆయన సంతకానికే సరిపోయింది. తేదీకి చోటు దొరకలేదు. 'ఈ అనుమతి ఫలానా తేదీ వరకు చెల్లును' అన్న వాక్యంలో ఫలానా తేదీ ఉండాల్సిన జాగా పూర్తిగా వెన్నలో మునిగింది.

నాలుగూ యాభైకి సత్యవేణి బస్టాండులో స్టాళ్ళ గుమాస్తా ముందు నిలబడి రొప్పుతోంది. అతను సర్టిఫికెట్టు ఒకసారి చూసి, ఒకసారి వాసన చూసి, "ఎప్పటిదాకా చెల్లుద్దండీ ఇది?" అన్నాడు.

"రాయలేదండి."

గుమాస్తా రూళ్ళ పుస్తకం తీసి చాలాసేపు చదివాడు. గడువు తేదీ దాటితే ఆపవలెను అని ఉంది గాని, తేదీ లేకపోతే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. తాళంచెవి చేతికిచ్చాడు.

మొన్న జనవరిలో ఆహార వాస్తవిక శాఖని ఎత్తేశారు. ఎత్తేస్తూ, ఆ శాఖ ఇచ్చిన అనుమతులన్నీ వాటి వాటి గడువు తేదీల వరకే చెల్లుతాయని ఉత్తర్వు వేశారు. పాప్‌కార్న్ మిషనతను ఆ ఉత్తర్వు పట్టుకుని సత్యవేణి స్టాలు ముందు చాలాసేపు నిలబడి, చివరికి ఒక బన్ను కొనుక్కుని వెళ్ళాడు.